ఓబులక్కకి బాన నీళ్ళు మోసిన వీధి

అన్యాయం జరిగింది ఓబులక్కకి. చేసింది మేము. క్రోధి నామ సంవత్సరం, ఆషాఢ మాసం, వాగు నడుములోతు పారుతున్న రోజుల్లో. అది ఎన్ని క్రోధుల వెనకటి మాటో అడక్కండి, మా ముసలి జేజిలకే తెలీదు. కథంటే రాజుతో మొదలవ్వాలంటారు. ఇందులో రాజు లేడు. ఉండుంటే తప్పు ఆయన మీదికి తోసేసి హాయిగా నిద్రపోయేవాళ్ళం.

మాది ఒకప్పుడు నీలి అద్దే వీధి. ప్రతి ఇంటి వెనకా భూమిలో మెడదాకా పాతిన మట్టి బాన ఉండేది. బానలో నీలి, సున్నం, తగిరిస గింజల ఉడుకునీళ్ళు. మూడూ సరిగ్గా పులిస్తే బాన బతుకుతుంది, పైన రాగిరంగు నురగ కడుతుంది. పులుపు తప్పితే బాన చస్తుంది. చచ్చిన బానలో ఎన్నిసార్లు ముంచినా గుడ్డకి రంగు పట్టదు.

బాన చూసుకునే పని ఆడవాళ్ళది. తెల్లారగానే ఒక చుక్క నాలిక మీద వేసుకుని పులుపు తెలుసుకోవాలి. గుడ్డ ముంచే పని మగవాళ్ళది. బానకి తూర్పున ఆడవాళ్ళు, పడమట మగవాళ్ళు. ఇటువాళ్ళు అటు పోరు, అటువాళ్ళు ఇటు రారు.

ఓబులక్క వచ్చింది. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు ఆమెని. పదహారో ఏట పడమట నుంచి నడిచొచ్చి తూర్పున నిలబడింది. మొదటి రోజు వాళ్ళమ్మ ఏడ్చింది. రెండో రోజు వాళ్ళ నాయన కొట్టాడు. మూడో రోజు ఆమె బాన చుక్క నాలిక మీద వేసుకుని, "సున్నం ఎక్కువైంది, సాయంత్రానికి చస్తుంది" అంది. సాయంత్రానికి చచ్చింది. ఆ తరవాత వీధిలో ఎవరూ నోరెత్తలేదు. మా న్యాయం అంత గొప్పది. పనికొస్తుందనుకుంటే ఆడదని ఒప్పుకున్నాం.

వాగు అవతల గుడిసెలో సుంకులవ్వ అనే ముసలామె ఉండేది, పసరు మందులిచ్చేది. ఒళ్ళు ఒకటి, మనసు ఒకటి అయినవాళ్ళకి ఆమె దగ్గర మందుండేది. ఒక ఆకు పసరు, ఒక వేరు పొడి, ఒక బెరడు కషాయం, మూడూ కలిపి అమావాస్యకి ఒక గిద్దెడు. ఓబులక్క తాగింది. మొదటి ఏడు చర్మం మెత్తబడింది. రెండో ఏడు గడ్డం పలచబడింది. మూడో ఏడు రొమ్ములొచ్చాయి. గొంతు మాత్రం మందుకి లొంగలేదు. దాన్ని తనే ఏళ్ళ తరబడి సానపట్టుకుంది.

తొలి గిద్దె తాగిన రోజే అడిగింది.

"అవ్వా, ఇది ఎన్నాళ్ళు పనిచేస్తుంది?"

"తెలీదు పాపా."

"తెలీకుండా ఎట్లిస్తావు?"

"పనిచేస్తుందని తెలుసు. ఎన్నాళ్ళో తెలీదు. నా మందు తాగినవాళ్ళని ముసలోళ్ళయ్యేదాకా ఏ ఊరు ఉండనిచ్చింది? కొందరిని తరిమినారు. కొందరు పారిపోయినారు. కొందరు చచ్చినారు. ఇన్నేళ్ళు పనిచేసింది అవ్వా అని వెనక్కొచ్చి చెప్పినోళ్ళు ఒక్కరు లేరు."

ఆ మాట ఓబులక్క లోపల ఉండిపోయింది. ఇరవై నాలుగేళ్ళు బానలు చూసింది. ఆమె నాలిక తగలని బాన మా వీధిలో లేదు. ప్రతి అమావాస్యకీ వాగు దాటింది, గిద్దెడు తాగింది, ఇది ఇంకా పనిచేస్తోందా అని తనని తాను తడుముకుంది.

నలభయ్యో ఏట మూడు గుర్తులు కనబడ్డాయి. చుబుకం కింద బిరుసు వెంట్రుకలు మొలిచాయి. గొంతు గరగరలాడింది. రొమ్ములు వాలాయి. ఓబులక్క, మందు ఒట్టిపోయిందనుకుంది. ఎవరికీ చెప్పలేదు. అవ్వకి కూడా చెప్పలేదు. ఏమని చెప్తుంది? ఆడదానిగా ఉండటం నాకు చేతకావట్లేదని చెప్పాలా? సిగ్గుతో కొంగు చుబుకం దాకా లాక్కుని, మాటలు తగ్గించుకుని తిరిగింది.

ఇక మా వీధి జబ్బు సంగతి చెప్పాలి. తిరునాళ్ళకి ముందు ప్రతి ఇంటి తొలిగుడ్డని వాగు బండ మీద అందరి ముందూ మూడుసార్లు ఉతికేవాళ్ళు. ఉతికిన ప్రతిసారీ తెల్లగుడ్డతో రుద్దేవాళ్ళు. తెల్లగుడ్డకి నీలి అంటితే ఆ ఇల్లు ఆ ఏడు తిరునాళ్ళకి రాకూడదు. గుడ్డకి అది మంచి పరీక్షే. కానీ గుడ్డ దగ్గర ఆగడం మాకు చేతకాలేదు. కొత్త కోడలొస్తే మూడు ఉతుకులు చూద్దామనేవాళ్ళం. గేదెని కొంటే మూడు ఉతుకులు. అల్లుడికీ అవే. మనుషుల్ని కూడా రంగు ఆగేవాళ్ళు, ఆగనివాళ్ళు అని రెండు మూటలు కట్టాం.

కొంగు లాక్కోవడం ముందు కనిపెట్టింది చౌడక్క. వీధి పెద్ద తిమ్మయ్య పెళ్ళాం. బాన దగ్గర ఓబులక్క పక్కనే నిలబడే మనిషి. ఇంకోటి కూడా చెప్పేస్తాను. చౌడక్క మా ఇంటి ఆడదే, మా జేజిల జేజి. ఆ నోరు మా ఇంటి నోరే.

"మే ఓబులక్కా, నీ రంగు ఎన్ని ఉతుకులాగుతుందే?" అంది చౌడక్క.

ఆడవాళ్ళందరూ నవ్వారు. ఓబులక్క కూడా నవ్వింది. రెండో రోజు అదే మాట, అదే నవ్వు. మూడో రోజు ఓబులక్క నవ్వలేదు. ఇంటికి పోయి, వాగు పొంగితే పనికొస్తుందని దాచుకున్న మూడు అమావాస్యల మందు ఒక్కసారే తాగేసింది.

అయిదు రోజులు పసరు కక్కింది. ఆరో రోజు బాన దగ్గరికొచ్చేసరికి నాలిక చెప్పు అట్టలాగా మొద్దుబారింది. చుక్క వేసుకుంది. పులుపు తెలీలేదు. తెలీలేదంటే ఎందుకని అడుగుతారు. సిగ్గేసింది. "బాగుంది" అంది. రెండో బాన దగ్గరా "బాగుంది" అంది. మూడో బాన దగ్గరా "బాగుంది" అంది.

తిరునాళ్ళకి పదిరోజులుందనగా మూడు బానలూ చచ్చాయి.

"మందు వదిలేసిందబ్బా దీన్ని. మగనాలిక తగిలింది బానలకి" అంది చౌడక్క.

"మూడు ఉతుకులు చూద్దాం" అన్నాడు తిమ్మయ్య.

ఓబులక్కని వాగు బండ మీద నిలబెట్టారు. గుడ్డ ఉతికే బండే. పట్టపగలు, వీధి మొత్తం గట్టు మీద.

మొదటి ఉతుకు. ముఖం మీద మూడు చెంబుల నీళ్ళు పోసి, చౌడక్క తెల్లగుడ్డతో ఆమె చుబుకం రుద్దింది. వెంట్రుకలకి రెండు దారప్పోగులు చిక్కుకున్నాయి. చౌడక్క గుడ్డ ఎత్తి అందరికీ చూపించింది. మేము అక్కడే ఉన్నాం. మేమేమీ అనలేదు.

రెండో ఉతుకు. అవతలి గట్టుకి వినబడేలా పేరు చెప్పమన్నారు. "ఓబులక్క" అని అరిచింది. గొంతు మధ్యలో విరిగింది. గట్టు మీద ఎవడో అదే గొంతుతో తిరిగి అన్నాడు. మేము అక్కడే ఉన్నాం. మేమేమీ అనలేదు.

మూడో ఉతుకు. తిమ్మయ్య నీళ్ళలోకి దిగొచ్చి అడిగాడు. "నీ మందు ఇంకెన్నాళ్ళు ఆగుతుందో నీ నోటితోనే చెప్పు."

అబద్ధం చెప్పుంటే సరిపోయేది. చచ్చేదాకా మామా అంటే, ఏమో అనుకుని వదిలేసేవాళ్ళేమో. మూడుసార్లు బాగుంది అని ఆమె అప్పటికే అబద్ధమాడింది. ఇంకొకటి నోటికి రాలేదు.

"తెలీదు మామా."

"నీకే తెలీకపోతే నిన్ను తూర్పున ఎట్ల నిలబెట్టేది? పడమటికి రా."

మేము అక్కడే ఉన్నాం. మేమేమీ అనలేదు.

ఓబులక్క పడమటికి పోలేదు. తడిచీరతో అట్లాగే వాగు దాటి సుంకులవ్వ గుడిసెకి పోయింది.

అవ్వ ఆమె నాలిక చూసింది. "మూడింతలు తాగినావా?"

"ఆఁ."

"ఇరవై నాలుగేళ్ళు నీలి బానలు చూసిన దానివి. వారం రోజులు బానలో వదిలేస్తే గుడ్డకి రంగెక్కువ పడుతుందా, కుళ్ళుతుందా?"

"కుళ్ళుతుంది." ఏడ్చింది ఓబులక్క. "మందు ఒట్టిపోయింది అవ్వా. వెంట్రుకలొస్తున్నాయి. గొంతు పోయింది. అంతా జారిపోతోంది."

అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని తన చుబుకం మీద పెట్టుకుంది. బిరుసుగా అయిదారు వెంట్రుకలు తగిలాయి. "నా గొంతెట్లుంది?"

"గరగరగా."

"రవిక లోపలిది కూడా చూపించమంటావా?" అంది అవ్వ. "వెలిసిపోవడం కాదే పిచ్చిదానా. ఇది వయసు. నా మందు తాగి నడివయసుకి వచ్చినదాన్ని నేను ఇప్పుడే చూస్తున్నా. ఇది ఇంకెన్నాళ్ళు పనిచేస్తుందో నాకిప్పటికీ తెలీదు. ఉండి చూడు. నాకు చెప్పు."

తిరునాళ్ళు గడిచిపోయాయి. మా గుడ్డ ఒక్కటి అమ్ముడుపోలేదు, అసలు గుడ్డ ఉంటే కదా. పులుపు తెలిసిన నాలిక వాగు అవతల ఉంది. మొదట తిమ్మయ్య కబురు పంపాడు. ఓబులక్క పలకలేదు. తరవాత నీలిచీర పంపాడు. చీర తిరిగొచ్చింది. మూడోసారి చౌడక్క తనే వాగు దాటింది. గుడిసె ముందు కూలబడి, తల ఎత్తకుండా చెప్పింది.

"నాకూ ఉన్నాయే. రోజూ పీక్కుంటా. నిన్ను రుద్దిన పొద్దున కూడా పీక్కునే వచ్చినా."

"తెలుసు చౌడక్కా. ఇరవై నాలుగేళ్ళు నీ పక్కన నిలబడ్డా. నీ చుబుకం నాకు తెలీదా?"

"మరి ఆ పొద్దు ఎందుకు అనలేదే? అందరిముందూ అనుంటే నా నోరు మూతపడేది గదా."

"అంటే నిన్ను కూడా బండెక్కించి రుద్దుతారు. ఆ గుడ్డ ఎట్లుంటుందో నాకు తెలిసింది. చాల్లే, ఒకరికి చాలు."

చౌడక్కకి ఏడవటానికి కూడా మొహం చెల్లలేదు. "నన్ను క్షమిస్తావా?" అంది.

"ఆ మాట నన్నడగొద్దు. బానలు చూస్తా. మీ గట్టుకి మాత్రం రాను. రుచి కావాలంటే నీళ్ళు ఇక్కడికి తెండి."

అట్లా మొదలైంది. రోజూ తెల్లారగానే చౌడక్క ఒక్కో బాన నీళ్ళు ఒక్కో సొరకాయ బుర్రలో పోసుకుని, చీర ఎగ్గట్టుకుని వాగు దాటేది. ఓబులక్క చుక్క వేసుకునేది. "సున్నం తగ్గించు." "బెల్లం వెయ్యి." "బతికే ఉంది, పో." చౌడక్క తిరిగొచ్చేది. ఎండలో, వానలో, మోకాళ్ళు అరిగిపోయాక కోడలి భుజం పట్టుకుని, ముప్ఫై ఆరేళ్ళు. వీధి మొత్తం గట్టు మీద నిలబడి రోజూ చూసేది. ఈసారి చూడక తప్పేది కాదు.

సుంకులవ్వ పోయాక మందు ఓబులక్కే నూరింది. వయసుని బట్టి గిద్దెని అరగిద్దె చేసుకుంది. దూరపు ఊళ్ళ నుంచి ఆమెలాంటివాళ్ళు మొహాలు దాచుకుని వచ్చేవాళ్ళు. అందరిదీ ఒకటే ప్రశ్న, ఇది ఎన్నాళ్ళు పనిచేస్తుందక్కా అని.

"ఇప్పటికి నలభై ఒకటి" అనేది ఓబులక్క. "వచ్చే ఏడు రా, నలభై రెండో కాదో చెప్తా. ఎక్కువ తాగితే ఎక్కువ కాదు. ఆ పిచ్చిపని నేను చేసి చూసినాలే."

వచ్చే ఏడు వచ్చేవాళ్ళు. నలభై రెండు అని చెప్పేది.

ఓబులక్క పోయినరోజు ఒళ్ళు కడిగే దగ్గర తగువొచ్చింది. మాలో ఆడమనిషిని ఆడవాళ్ళే కడుగుతారు, మగమనిషిని మగవాళ్ళే. ఎవరు కడగాలో తేల్చుకోవడానికి పంచాయితీ పెడదామన్నారు. ఎనభై దాటిన చౌడక్క లేచి, బిందె చంకనెత్తుకుని గుడిసెలోకి పోయింది. వెనక ఇద్దరు ఆడవాళ్ళు పోయారు. తలుపేసుకున్నారు. కడిగి బయటికొచ్చాక మగవాళ్ళు ఆగలేక అడిగారు.

"ఏం చూసినారు?"

"ముసలిదాన్ని చూసినాం" అంది చౌడక్క.

"ఇంకేం?"

"ఇంకేముంటుందిరా."

ఇప్పుడు మా వీధిలో బానలు లేవు. వాగు మీద వంతెన కూడా వచ్చింది. అయినా తిరునాళ్ళ పొద్దున మా ఇంటి పెద్దాడది సొరకాయ బుర్రతో నీళ్ళు పట్టుకుని, వంతెన ఎక్కకుండా, వాగులో దిగి దాటుతుంది. ఆ గుడిసె ఉన్న చోట నీళ్ళు పోసి వస్తుంది. వాగులో నీళ్ళున్నా లేకపోయినా సరే. మూడు ఉతుకులు అనే మాట మనిషి గురించి మా వీధిలో ఎవరూ అనరు. నోరుజారి అన్న పిల్లల్ని కొట్టం. ఈ కథ చెప్తాం. అది చాలు, చెప్పేవాళ్ళకే తల ఎత్తబుద్ధి కాదు.

గుడిసె చోట ఒక నాపరాయి ఉంది. రాయి చెక్కించేటప్పుడు పుణ్యవతి అని రాద్దామన్నారు, మహాతల్లి అని రాద్దామన్నారు, దేవత అని రాద్దామన్నారు. చౌడక్క మూడూ వద్దంది. మన సిగ్గు కప్పుకోవడానికి దాన్ని దేవతని చెయ్యొద్దంది. దూరం నుంచి వచ్చేవాళ్ళు అడిగేదొక్కటే, దానికి జవాబు రాయండి చాలంది. ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రాయి ముందు కూర్చుని ఏళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటారు. మళ్ళీ లెక్కపెట్టుకుంటారు. రాయి మీద ఉన్నది ఇంతే.

ఓబులక్క. మందు మొదలు విక్రమ నామ సంవత్సరం, చైత్ర అమావాస్య. పోయింది అరవయ్యేళ్ళు తిరిగొచ్చిన విక్రమ నామ సంవత్సరం, కార్తీక శుద్ధ నవమి, బుధవారం.