ఎడమకాలి బ్రేకు

తిరుమలాంబగారికి ప్రశ్నలంటే విసుగు లేదు, జవాబులంటేనే అనుమానం. వేటపాలెంలో రైలుకట్టకు ఇవతల, ఒక పెంకుటింటి వసారాలో, ఆవిడ నాటక పద్యాలు నేర్పేవారు. చేరేవాళ్ళంతా గడ్డం నెరిసినవాళ్ళో, పిల్లలకు పెళ్ళిళ్ళు చేసినవాళ్ళో. ఆ వయసులో నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళ దగ్గర గొంతు కంటే ప్రశ్నలు ఎక్కువ ఉంటాయి. ఎవరైనా ఒకటి అడిగారంటే ఆవిడ హార్మోనియం మీద గుడ్డ కప్పి, ఒక వక్కపలుకు బుగ్గన పెట్టుకునేవారు. ఆ వక్క నలిగేలోగా అడిగినవాళ్ళు తమ ప్రశ్నను తామే వెనక్కి తీసుకుంటే మంచిదే. తీసుకోకపోతే ఆవిడ ఏదో ఒక సంగతి చెప్పేవారు. అందులో వేదాంతం వెతికినా దొరికేది కాదు. ఎత్తుపీటల మీద కూర్చుని ఎదుటివాడికి అర్థం కాకుండా చెప్పడమే జ్ఞానమనుకునే పెద్దమనుషులను చాలామందిని చూశాక, నాకు ఆ వసారా మీదే గురి కుదిరింది.

ఆ రోజు అడిగినామె పేరు ఇందుమతి. నలభై దాటిన మనిషి, మంచి కంఠం. కనిగిరి వైపు పేరిశాస్త్రిగారనే పెద్దాయన దగ్గర చాలా ఏళ్ళు నేర్చుకుంది. ఆయన పోయాక ఏడాదిపాటు నోరు విప్పలేదు. తర్వాత తిరుమలాంబగారి దగ్గరకు వచ్చింది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, పేరిశాస్త్రిగారి పద్ధతిలో పద్యం చివర గొంతు కిందికి జారి ఊగుతూ ఆగుతుంది. తిరుమలాంబగారి పద్ధతిలో పైకి లేచి, తెగినట్టు ఆగుతుంది. ఇందుమతి మొదలుపెట్టడం ఈవిడలా మొదలుపెట్టేది, ముగింపుకు వచ్చేసరికి ఆయన వచ్చి కూర్చునేవాడు. తోటివాళ్ళకు ఇంతకంటే వినోదం ఏం కావాలి? "ఒక నోట్లో ఇద్దరు గురువులు కాపురం పెట్టారు" అని నవ్వేవాళ్ళు. నవ్విన వాళ్ళలో ఒక్కడికీ ఒక్క గురువైనా సరిగ్గా పట్టుబడలేదు, అది వేరే సంగతి.

ఇందుమతి చాప మీద నుంచి లేవకుండానే అంది: "అమ్మా, నేను రేపటి నుంచి రాను. ఆయన్ని వదిలితే ఆయనకు ద్రోహం చేసినట్టుంది. వదలకపోతే మీకు చేస్తున్నట్టుంది. పాతది పూర్తిగా పోతే తప్ప కొత్తది నాది కాదా? అదొక్కటి చెప్పండి, వెళ్ళిపోతాను."

తిరుమలాంబగారు గుడ్డ కప్పారు. వక్క బుగ్గన పెట్టారు. ఇందుమతి ప్రశ్నను వెనక్కి తీసుకోలేదు. వక్క నలిగింది.

"మా తమ్ముడు బసవపున్నయ్య సంగతి నీకు తెలీదు కదూ" అన్నారు ఆవిడ. తర్వాత చెప్పింది ఇది.

బసవపున్నయ్య పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి దిగిపోయినవాడు. దిగిపోయినా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అతన్నే పిలిచేవాళ్ళు. అతనికొక పాతకాలపు మోటారుసైకిలు ఉండేది. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. ఇప్పటి బళ్ళకు పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. దాని చప్పుడు రెండు వీధుల అవతలికి వినపడేది. ఆ చప్పుడు చెవిన పడగానే బర్రెలు పలుపులు గుంజుకుని గడ్డివామి వెనక్కి పోయేవి, సూది వస్తోందని. ఆడవాళ్ళు ఆ పరుగు చూసి, "డాక్టరు వస్తున్నాడే, మంచం వాల్చు" అనేవాళ్ళు. ఇన్నేళ్ళూ అతను తన రాకను ఊరు గౌరవంగా గుర్తిస్తోందనే అనుకున్నాడు.

ఆ బండికి అతను చేసిన సేవ చూస్తే పెళ్ళాం అనేవాళ్ళెవరికైనా కడుపు మండుతుంది. భార్య పుట్టింటికి వెళుతుంటే వీధి గుమ్మం దాకా రాని మనిషి, దాని సైలెన్సరు వేడి తగ్గేదాకా పక్కనే నిలబడేవాడు. మగవాళ్ళకు బండి మీద ప్రేమ ఊరికే పుట్టదు మరి, అది తిరిగి మాట అనదు.

చివరకు మోకాలు అరిగింది. కిక్కు కొట్టడం మానకపోతే కర్ర పట్టుకోవాల్సి వస్తుందని ఎముకల డాక్టరు చెప్పాడు. అదే ఊళ్ళో గోళీసోడా కొట్టు పెట్టుకున్న కోటిలింగం ఎప్పటి నుంచో ఆ బండి అడుగుతున్నాడు. ఇచ్చేశాడు. ఇచ్చిన రోజు పొద్దున దానికి తలంటినట్టు నీళ్ళు పోసి, తుడిచి, పసుపు బొట్టు పెట్టి, వీధి మలుపు దాకా దాని వెనక నడిచాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. భార్య సిద్ధేశ్వరి ఒక పూట చూసింది, రెండో పూట కంచం తీసి లోపల పెట్టేసింది. "నేను పోయినా ఇంత చెయ్యడు వదినా" అని నా దగ్గర మొత్తుకుంది, అని నవ్వారు తిరుమలాంబగారు.

కొత్త బండి వచ్చింది. మీట నొక్కితే చాలు, బయలుదేరుతుంది. చప్పుడు లేదు, పొగ లేదు, మోకాలికి పని లేదు. తిరుమలాంబగారే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "తొక్కించరా" అన్నారు. అతను బండిని పక్కకు నెట్టుకుని వెళ్ళిపోయాడు. నిమ్మకాయలు పులిహోరలోకి పోయాయి. సీటు మీద కొట్టువాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచాడు. మందుల డబ్బా బిగించాలంటే వెనక రెండు కన్నాలు పెట్టాలి, పెట్టనివ్వలేదు. డబ్బా ఇంట్లో గోడ వారన పడి ఉంది, మనిషి సంచీ మెడలో వేసుకుని తిరిగాడు. రోజూ పొద్దున్నే అలవాటుగా కుడికాలు లేపి గాలిలో ఒక తాపు తన్నేవాడు. కాలికి ఏమీ తగలక ముందుకు తూలేవాడు. ఆగాల్సిన చోట ఎడమకాలితో నొక్కేవాడు. అక్కడున్నది గేరు. బండి ఒక్క ఎగురు ఎగిరి మూలిగేది. "దీనికి బుద్ధి లేదక్కా" అనేవాడు.

"బుద్ధి దానికి లేదా?" అని అడిగారట ఈవిడ.

అతనికి అసలు బాధ ఇంకొకటి. "బర్రెలు కూడా నన్ను గుర్తుపట్టడం లేదక్కా. పక్కకొచ్చి నిలబడ్డా తల ఎత్తట్లేదు."

"గుర్తుపట్టి పారిపోతే అదేం మర్యాదరా!"

అలా నెలలు గడిచాయి. పాతదాన్ని "మా మహాలక్ష్మి" అనేవాడు, కొత్తదాన్ని "అది" అనేవాడు. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూడా ఎవరూ అంత కాలం పేరు పెట్టకుండా పిలవరు.

ఒక మధ్యాహ్నం పందిళ్ళపల్లి నుంచి పుట్టమ్మ ఫోను చేసింది. ఒంటరి మనిషి. ఒక్క బర్రె మీద సంసారం. అది పొద్దుట్నుంచి నొప్పులు పడుతోంది, దూడ అడ్డం తిరిగింది. "డాక్టరుబాబూ, ఇది పోతే నేనూ పోయినట్టే" అని ఏడ్చింది. బసవపున్నయ్య సంచీ మెడలో వేసుకుని బయటికొచ్చాడు. పొద్దున పడిన వానకు పొలం కట్ట మీద బురద ఎలా ఉంటుందో అతనికి తెలుసు. కొత్త బండిని చూశాడు. ఆ బురదలో దీన్ని నమ్మడమా అనుకున్నాడు. నేరుగా సోడాకొట్టుకు పరుగెత్తాడు.

అక్కడ మహాలక్ష్మి నిలబడి ఉంది. ఒంటికి పసుపురంగు. వెనక సోడాకాయల పెట్టెలకు ఇనుప చట్రం, వెల్డింగు చేయించి బిగించింది. పొడుగాటి కోటిలింగం చేతులకు అందేలా హ్యాండిలు పైకి లేపించాడు. బసవపున్నయ్య అదేమీ పట్టించుకోలేదు. ఎక్కి కిక్కు కొట్టాడు. కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. మోకాలు కలుక్కుమంది.

"అట్టా కాదు బాబాయ్, ఇప్పుడు దానికి అలవాటు మారింది" అంటూ కోటిలింగం బయటికొచ్చాడు. చెయ్యి తుడుచుకుని, ఏదో తిప్పి, సగం తాపు తన్నాడు. అదే పాత చప్పుడు, వీధంతా నిండింది. "ఎక్కు బాబాయ్, సంకోచమెందుకు, నువ్వు పెంచిందే గదా."

బసవపున్నయ్య ఎక్కి కూర్చున్నాడు. చేతులు చాపాడు. హ్యాండిలు ఉండాల్సిన చోట లేదు. వీపుకు సోడా చట్రం పొడుచుకుంటోంది. అత్తారింటికి పంపిన కూతురి దగ్గరకు వెళ్ళి, గ్లాసెక్కడుందో తెలియక మంచినీళ్ళు అడిగి తాగిన తండ్రిలా ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. దిగాడు.

"వద్దులేరా కోటిలింగం. నీ బండి నువ్వే ఉంచుకో."

నీ బండి! ఆ మాట ఆ నోటి నుంచి రావడం అదే మొదలు. నెలల క్రితం దాన్ని సాగనంపింది వీధి మలుపు దాకానే. అసలు సాగనంపడం ఈ మాటతో అయింది.

ఇంటికి పరుగెత్తి కొత్తదాన్ని తీశాడు. గాలిలో తాపు తన్నడానికి తీరిక లేదు. మీట నొక్కాడు. ఊరు దాటి కట్ట ఎక్కేదాకా బాగానే ఉంది. కట్ట మీద ఒక మేక అడ్డం వచ్చింది. ఎడమకాలు తన పని తాను చేసింది. గేరు పడింది, బండి ఎగిరింది, సీటు మీది తడి ప్లాస్టిక్ జర్రున జారింది. బండీ మనిషీ కలిసి కట్ట దిగువన తుంగలో పడ్డారు. మేక నిలబడి చూసి, మేత చూసుకుంది. లేచి చూసుకుంటే మనిషికి దెబ్బలు లేవు. బండికి మాత్రం ఒక అద్దం పగిలింది, ట్యాంకు మీద బారెడు గీత. ఆ గీతను చూసినప్పుడు తనకు ఏడుపు రావాలి కదా, రాలేదేమిటా అనుకున్నాడట. సీటు మీది ప్లాస్టిక్ పట్టుకుని బర్రున చింపేశాడు. ఆ ప్లాస్టిక్కునే తాడులా మెలిపెట్టి, మెడలో సంచీ తీసి వెనక కట్టాడు. బండిని బురద గట్టు మీదికి లాగి, మీట నొక్కి, "పదవే తల్లీ" అన్నాడు.

అది పోయింది.

పుట్టమ్మ పాకలో బర్రె నిలబడి రొప్పుతోంది. అతను పక్కకు వచ్చి నిలిచేదాకా దానికి తెలియలేదు. పాత చప్పుడే అయితే, ఆ నొప్పుల్లో కూడా పలుపు తెంచుకుని వామి చుట్టూ పరుగెత్తేదే, దూడా తల్లీ ఇద్దరూ దక్కేవాళ్ళు కాదు. అతను మోచేయి దాకా చెయ్యి పెట్టి, మడతపడ్డ కాలు సరిచేసి, నెమ్మదిగా దూడను తిప్పాడు. పొద్దు వాలకముందే అది నేల మీద పడింది. పెయ్యదూడ. తల్లి నాకుతుంటే పుట్టమ్మ కళ్ళు తుడుచుకుని, "మీరు ఎట్టా వచ్చారో తెలీలేదు బాబూ, గాలొచ్చినట్టు వచ్చారు" అంది.

బసవపున్నయ్య బయటికి వచ్చి బండి వంక చూశాడు. గాలొచ్చినట్టు. ఇన్నాళ్ళూ తను తిట్టింది దాన్నే.

జున్నుపాలు ఒక చెంబులో పోసి ఇచ్చింది పుట్టమ్మ. హ్యాండిలుకు తగిలించుకుని వస్తుంటే దారంతా తొణికి ట్యాంకు మీద, ఆ గీత మీద కారాయి. ఇంటి ముందు దిగేసరికి బండికి బురద, పేడ, పాలు. సిద్ధేశ్వరి గుమ్మంలోనే అడ్డుపడి, "ఇదేం అవతారం? నీదా, దానిదా?" అంది.

"ఇద్దరిదీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మనిషిని పిలిపించి వెనక కన్నాలు పెట్టించి మందుల డబ్బా బిగించాడు. అక్క దగ్గరకు వచ్చి, ముఖం పక్కకు పెట్టి, "నిమ్మకాయలేమన్నా ఉన్నాయా?" అన్నాడు.

ఇక్కడికి తిరుమలాంబగారు ఆపారు. చెప్పాల్సింది అయిపోయిందన్నట్టు హార్మోనియం మీద గుడ్డ తీసి మడతపెట్టుకున్నారు. ఇందుమతి కదల్లేదు. ఆమెకు కావలసింది దొరికిందో లేదో ముఖంలో తెలియలేదు. ఆమె అడిగింది:

"అయితే అమ్మా, ఆయనకు పాత అలవాటు పూర్తిగా పోయిందా?"

"ఎక్కడికి పోతుంది?" అన్నారు ఆవిడ. "ఇప్పటికీ కుక్క అడ్డం వస్తే ముందు ఎడమకాలే కదులుతుంది వాడికి. బండి ఆగేది మాత్రం కుడికాలితో."

హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టి శ్రుతి వదిలారు.

"ఊఁ. పాడు. చివర ఆయన వస్తే రానీ."