తంగేడు మీద ఫిర్యాదు

మూడేళ్లుగా వాన మొహం చూడని ఒక రాజ్యంలో, పూలమొక్కలకు బావినీళ్లు పోసినవారి భూమి జప్తు చేస్తామని రాజు చాటింపు వేయించాడు. మర్నాటి నుంచే ఉద్యానాధికారి వసంతరాయుడికి రాజభక్తి పొంగుకొచ్చింది. తన తోటలో గులాబీలు కళకళలాడుతున్న సంగతి ఆయన కంటపడలేదు. తేనె అమ్ముకుని బతికే పోషవ్వ చేనిగట్టున తంగేడు విరగబూసిన సంగతి మాత్రం పడింది.

"మహారాజా, ఈ కరువులో ఇన్ని పూలా! నీళ్లు దొంగిలించకపోతే ఎలా పూస్తాయి?" అన్నాడు నిండు సభలో.

పోషవ్వను సభకు పిలిపించారు. చేను పోతే తంగేడు పోతుంది, తేనెటీగలూ పోతాయి. ఇక పొయ్యిలో పిల్లి పడుకోవలసిందే. అయినా చేతులు కట్టుకుని అంది:

"అయ్యగారు పెద్దలు, అబద్ధమెందుకు చెప్తారు? పది రోజులు బావులన్నిటికీ కాపలా పెట్టించండి దొరా. పూలకు ఒక్క చుక్క పోకూడదు. ఏ మొక్క మాడిపోతే అదే దొంగనీళ్లకు అలవాటు పడ్డట్టు."

"ఇంతదానికి మహారాజుకు శ్రమెందుకు..." అని నసిగాడు వసంతరాయుడు. రాజు వినలేదు.

పదకొండో రోజు రాజు స్వయంగా వచ్చి చూశాడు. తంగేడు పసుపు ముద్దలా ఉంది, నిండా తేనెటీగలు. గులాబీలు ముట్టుకుంటే అప్పడాల్లా విరుగుతున్నాయి. అక్కడికక్కడే వసంతరాయుడి తోట జప్తయి, పోషవ్వ పరమైంది.

తల వంచుకుని వెళ్తున్న ఆయనతో పోషవ్వ అంది:

"బాధపడకండి అయ్యగారూ. నా మీద నింద పడిందని మీ గులాబీలు పది రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మీకంటే అవే నయం."