లంకె పట్టు వదిలిన రోజు

ఒకప్పుడు గాయాలు మానేవి కావు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మోకాలు గీరుకుపోతే గీరుకుపోయినట్టే ఉండేది. వేలు తెగితే తెగినట్టే ఉండేది. తాతలకు చిన్నప్పుడు తగిలిన దెబ్బలు పళ్ళూడిపోయాక కూడా పచ్చిగానే ఉండేవి. పొద్దున లేస్తే గుడ్డ విప్పడం, మళ్ళీ కట్టుకోవడం, ఇదే అందరి పని.

ఎందుకంటే మన చర్మంలోని కణాలకు అప్పట్లో నడక రాదు. కణం అంటే కంటికి ఆనని బుల్లి గది. అలాంటి గదులు లెక్కలేనన్ని పక్కపక్కన చేరితేనే మన ఒళ్ళు. ప్రతి గదికీ లోపల సొంత అస్థిపంజరం ఉంటుంది. కాకపోతే అది ఎముకలతో చేసింది కాదు. పోగులతో, గొట్టాలతో అల్లింది.

సన్నపోగులు గోడ పక్కనే ఉండేవి. గోడను బయటికి నెట్టడం వాటి పని. పొడుగు గొట్టాలు మధ్యలో నుంచి చాచుకుని ఉండేవి. ఎటు వెళ్ళాలో వాటికి తెలుసు. పోగులకు బలం ఉంది గానీ దారి తెలియదు. గొట్టాలకు దారి తెలుసు గానీ నెట్టే బలం లేదు. రెండింటికీ పొత్తు మాత్రం లేదు!

వాటి మధ్య లంకె అనే చిన్న ప్రోటీన్ తిరుగుతూ ఉండేది. దానికి ఉన్నవల్లా రెండు చేతులు.

"నువ్వు నెట్టగలవా?" అని అడిగేవి పోగులు.

"లేదు."

"పోనీ దారి చూపగలవా?" అని అడిగేవి గొట్టాలు.

"లేదు."

"మరి మధ్యలో నీకేం పని?" అని అన్నీ కలిసి నవ్వేవి. లంకెకు ఏడుపొచ్చేది. అయినా తనకూ ఏదో ఒక పని ఉండే ఉంటుందని దాని నమ్మకం.

ఆ కాలంలోనే సముద్రం ఒడ్డున ఎర్రమ్మ అనే పిల్ల ఉండేది. అలివి వల లాగే రోజంటే దానికి పండగే. పడవవాళ్ళు వలను నీళ్ళలో గుండ్రంగా పరిచి వస్తారు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా తాళ్ళు పట్టుకుని లాగుతారు. ఒకరోజు తాడు అందుకుందామని పరిగెత్తిన ఎర్రమ్మ మడమను ఆల్చిప్ప కోసేసింది.

తండ్రి గురయ్య దాన్ని ఎత్తుకొచ్చి పోలమ్మత్త పక్కన కూర్చోబెట్టాడు. పోలమ్మ గురయ్యకు అక్క. పెళ్ళి కాకముందెప్పుడో ఆమె అరికాలు తెగింది. అప్పట్నుంచి ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు కుడుతూనే ఉంది.

"ఇంక నువ్వు తాడు పట్టలేవమ్మీ. నానూ నీలాగ గెంతినదాన్నే. రేపట్నించి వల కుట్టడం నేర్పుతాన్లే" అంది అత్త, పాత చీర చింపి మడమకు కట్టు కడుతూ.

"నాను కుట్టను! నాను తాడే లాగుతాను!" అని ఎర్రమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

మడమ లోపల, సరిగ్గా కోత అంచున, ఒక కణం ఉంది. పొద్దుటిదాకా దాని పక్కన మరో కణం ఉండేది. ఇప్పుడు అక్కడ పెద్ద గొయ్యి. ఉప్పునీళ్ళూ ఇసుకా లోపలికి వచ్చేస్తున్నాయి.

"ఎవరో ఒకరు వెళ్ళి ఆ గొయ్యి పూడ్చకపోతే ఈ పిల్ల జన్మంతా కూర్చోవాల్సిందే!" అని కణం గోల పెట్టింది.

పోగులు బలం కొద్దీ నెట్టాయి. కణం ఎడమకు ఉబ్బింది. కుడికి ఉబ్బింది. చివరికి ఉన్నచోటే పూరీలా పొంగింది.

"అటు కాదు, గొయ్యి వైపు!" అని గొట్టాలు అరిచాయి.

"మీరా మాకు చెప్పేది?" అని పోగులు విసుక్కున్నాయి.

లంకె ఇక ఆగలేకపోయింది. ఒక చేత్తో పోగును, ఇంకో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకుంది. అంతే! గొట్టం చూపిన వైపే పోగు నెట్టింది. కణం గోడ గొయ్యి వైపు నాలుకలా సాగింది.

"కదిలాం!" అని లంకె కేక పెట్టి కణంలో ఉన్న తన అన్నదమ్ముల్ని, మిగతా లంకెలన్నిటినీ పిలిచింది. "పట్టుకోండి! కణం కింది నేలను కూడా పట్టుకోండి! ఎవరూ వదలొద్దు!"

అందరూ ఉడుంపట్టు పట్టారు. ముందు భాగం సాగుతోంది. వెనక భాగం మాత్రం ఉన్నచోటే అతుక్కుపోయింది. కణం సన్నగా సాగి సాగి, చిరిగిపోయేలా అయింది.

"లంకే, చచ్చిపోతున్నాను, వదులు!" అని కణం ఏడ్చింది.

లంకె వదల్లేదు. 'పట్టుకోవడం ఒక్కటే నాకు వచ్చిన పని. అదీ వదిలేస్తే మళ్ళీ నేను పనికిరానిదాన్నే కదా' అనుకుంది. కళ్ళు మూసుకుని ఇంకా బిగించింది.

అదే సమయంలో ఒడ్డున ఇంకో తమాషా జరుగుతోంది. ఎర్రమ్మ అక్క మొగుడు గవరయ్యది సముద్రానికి దూరంగా ఉన్న మెట్ట ఊరు. కొత్తల్లుడు. తాడు పట్టడం అదే మొదలు. అలివి లాగేటప్పుడు అందరికంటే వెనక ఉన్నవాడు తాడు వదిలేసి, నీళ్ళ దగ్గరికి పరిగెత్తి, మళ్ళీ ముందు పట్టుకోవాలి. గవరయ్యకు ఆ సంగతి తెలియదు. వదిలితే అల్లుడు సోమరి అనుకుంటారని భయం. పళ్ళు బిగించి, తాడుతో పాటు వెనక్కి వెనక్కి సరుగుడు తోటలోకి పోతున్నాడు. నీళ్ళ దగ్గర లాగే చెయ్యి ఒకటి తగ్గింది, వల బరువెక్కింది.

ఎర్రమ్మ ఏడుపు మానేసి గొంతు చించుకుని అరిచింది. "ఓ బావా! తోటలోకి ఎల్లిపోతన్నావేటి? వదిలెయ్యి! ఎనకున్నోడు వదిలేసి ముందుకెల్లాల! వదలడం కూడా పనే!"

ఆ కేక ఎర్రమ్మ ఒళ్ళంతా మోగింది. మడమలోకి దిగింది. పక్కనే ఉన్న పోలమ్మత్త అరికాలిలోకి కూడా దిగింది.

'వదలడం కూడా పనేనా!' అని లంకె కళ్ళు తెరిచింది. "వెనకవాళ్ళంతా వదలండి! ముందుకొచ్చి మళ్ళీ పట్టుకోండి!"

వెనక పట్టు సడలగానే కణం తోక సర్రున ముందుకు వచ్చింది. మళ్ళీ ముందు సాగింది. మళ్ళీ వెనక వదిలింది. కణం నడిచింది! దాన్ని చూసి పక్క కణాలూ కదిలాయి. ఎదుటి అంచు కణాలూ బయల్దేరాయి. గొయ్యి నడుమ అన్నీ కలుసుకుని, "వచ్చేశారా? ఇక చాలు" అని ఆగిపోయాయి.

కొన్నాళ్ళకు కట్టు విప్పి చూస్తే ఎర్రమ్మ మడమ మీద లేత చర్మం మెరుస్తోంది. ఎర్రమ్మ ఒక్క గెంతు గెంతింది. పోలమ్మత్త భయం భయంగా తన కాలి గుడ్డ విప్పుకుంది. అక్కడా గాయం లేదు. ఆ పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఆమె చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు అత్తా మేనకోడళ్ళిద్దరూ తాడు పట్టారు. లాగుతూ లాగుతూ అందరికంటే వెనక్కి వచ్చారు. పోలమ్మ చేతులు తాడుకు అతుక్కుపోయాయి.

"ఇన్నాళ్ళకి అందిందమ్మీ. వదిలితే మళ్ళీ దొరుకుద్దో లేదో" అంది.

"దొరుకుద్దత్తా. వదులు, ముందుకెల్దాం" అంది ఎర్రమ్మ.

పోలమ్మ వదిలింది. ఇద్దరూ తడి ఇసుక మీద నీళ్ళ వైపు పరిగెత్తారు.

అప్పటినుంచే గాయం అంచుల నుంచి నడిమికి మూసుకుంటూ మానుతోంది. మీ మోకాలి మీద దెబ్బ ఉంటే ఒకసారి చూసుకోండి. ఈ క్షణాన కూడా దాని అంచున లంకె ముందు పట్టుకుంటోంది, వెనక వదులుతోంది.