కల్నల్ గారి డ్రైవరు

మండపేట మొత్తానికి తెలివంటే తమ ఇంటిదేనని అబ్బులు నమ్మకం. భార్య సత్యవేణిదీ, తమ్ముడు తాతబ్బాయిదీ అదే మాట. "మనింట్లో దోమక్కూడా బుర్ర ఉంటుందండీ" అనేది సత్యవేణి. ముగ్గురూ కలిసి ఫ్లెక్సీల కొట్టు నడిపేవారు.

ఓ పొద్దున్న కంప్యూటరు తెర మీద బొమ్మ పోయి అడ్డగీతలొచ్చాయి. సాయంత్రానికి ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ ఇవ్వాలి. అబ్బులు వెంటనే స్పీకరు పెట్టి, రాజమండ్రిలో కంప్యూటర్లు బాగుచేసే మేనమామ కూతురు సుభాషిణికి ఫోన్ కొట్టాడు.

"గ్రాఫిక్స్ కార్డుకి సరైన డ్రైవర్ లేదు బావా. మీది లినక్సేగా? ఓపెన్ సోర్స్ కెర్నల్ డ్రైవర్ ఉంది, ఉచితమే. ముందు పాత డ్రైవర్‌ని తీసెయ్" అందామె.

అంతే. ఏళ్ళ తరబడి ఆటోలో ఫ్లెక్సీలు మోస్తున్న డ్రైవరు నూకరాజుని పిలిచి, "నిన్ను తీసేశాం" అన్నాడు అబ్బులు.

"నేనేం చేశానండీ?"

"ఏం చెయ్యలేదు. పాతబడ్డావు."

నూకరాజు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అబ్బులు మనసు చివుక్కుమంది. కానీ బొమ్మ రావాలిగా!

"మరి కెర్నల్ డ్రైవరంటే ఎవరు?" అంది సత్యవేణి.

"వంతెన పక్క మేడలో మిలిటరీ కల్నల్ గారు లేరూ? ఆయన డ్రైవరే!" అన్నాడు తాతబ్బాయి.

ఇంకేముంది, ముగ్గురూ పరిగెత్తి, బతిమాలి, డ్రైవరు జోగినాయుణ్ణి జీపుతో సహా తెచ్చారు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "నడుపు" అన్నారు.

"స్టీరింగేదండీ?"

సత్యవేణి మౌస్ చేతికిచ్చింది. అతను రెండుసార్లు నొక్కి, "హారన్ పలకట్లేదండి" అన్నాడు.

అబ్బులు మళ్ళీ ఫోన్ చేశాడు. "డ్రైవరొచ్చినా బొమ్మ రాలేదమ్మాయ్!"

"వస్తే చాలదు బావా. రూట్‌లోకి వెళ్ళి, లోపల ఎక్కించాలి."

"ఏ రూటో చెప్పలేదే!" అన్నాడు తాతబ్బాయి.

"నాకు రావులపాలెం రూటే తెలుసండి" అన్నాడు జోగినాయుడు.

అంతే, కంప్యూటర్ని జీపెక్కించారు. డ్రైవర్ని లోపల ఎక్కించాలిగా, పెట్టె మూత విప్పి జోగినాయుడి ఎడమకాలు అందులోకి దూర్చారు. కాలు ఇరుక్కుపోయింది. క్లచ్ తొక్కే పని తాతబ్బాయి మీద పడింది. జీపు కప్పలా గెంతుతూ ఆలమూరు దాటి, తిన్నగా అరటితోటలోకి పోయింది.

ఫోన్లో ఈ రూటు గొడవంతా విని భయపడి స్కూటీ మీద బయల్దేరిన సుభాషిణికి దారిలోనే వీళ్ళు కనపడ్డారు. తల బాదుకుంది. జోగినాయుడి కాలు ఊడదీసి, అందర్నీ కొట్టుకి తోలుకొచ్చి, అసలు డ్రైవర్ ఎక్కించింది. తెర మీద ఓణీ వేసుకున్న పిల్ల నవ్వింది. అబ్బులు పరిగెత్తుకెళ్ళి నూకరాజుని వెనక్కి పిలిచాడు. పొద్దుగూకకముందే ఫ్లెక్సీ ఫంక్షన్‌కి చేరింది.

వెళ్తూ వెళ్తూ సుభాషిణి, "ఎప్పుడైనా హ్యాంగ్ అయితే ఏదీ నొక్కకు బావా. వదిలెయ్, అదే సర్దుకుంటుంది" అంది.

అబ్బులుకి ఆ వైద్యం తెగ నచ్చింది. "రోగమొచ్చేదాకా ఆగడమెందుకు? ఇప్పుడే చేసేద్దాం" అన్నాడు.

కంప్యూటర్ని తాడుకి కట్టి, దూలం మీదుగా పైకి లాగారు.

"హ్యాంగ్ అయిందా?"

"అయిందన్నయ్యా!"

"అయితే వదిలెయ్!"

తాతబ్బాయి తాడు వదిలేశాడు. ఢాం!

"సర్దుకుందా?" అనడిగాడు అబ్బులు.

సత్యవేణి ముక్కలన్నీ చేటలోకి ఎత్తి చూసింది.

"బెమ్మాండంగా సర్దుకుందండీ, ఇంకా కాస్త చోటు మిగిలింది కూడానూ!"