తావిరికోన సామికి పేరు వచ్చిన వైనం

నల్లమల కొండలు దక్షిణాన పల్చబడి గుట్టలుగా మారే చోట, గుండ్లవంక గ్రామానికి తూర్పు దిక్కున తావిరికోన ఉంది. ఊరి దాకా బస్సు వస్తుంది. అక్కడి నుంచి వంక వెంబడి రాళ్ల మీద నడవాలి. కోన మలుపు తిరగగానే ముందుకు వంగిన పెద్ద బండ, దాని నీడన నడుమెత్తు నల్లరాయి కనిపిస్తాయి. ఆ రాయే తావిరి. ఆ రాయికి మీసం లేదు, ముక్కుపుడక లేదు, శంఖచక్రాలు లేవు, త్రిశూలం లేదు. కొత్తగా వచ్చిన యాత్రికులు చుట్టూ తిరిగి చూసి, వెనకవైపు ఏమైనా చెక్కి ఉందేమోనని వంగి కూడా చూస్తారు. వెనక కూడా ఏమీ లేదు.

బస్సు దిగిన చోట పలక మీద 'తావిరికోన' అని ఉంటుంది. పంచాయతీవారి కమాను మీద 'తావీరుకోన' అని, ప్రసాదం పొట్లం మీద 'థావిరి' అని ఉంటుంది. ఈ క్షేత్రంలో మొదటి పూజ చేసిన శేషంభట్టుగారి వంశీకులు మాత్రం బండి ర పెట్టి 'తావిఱి' అని రాయనివారిని చదువుకున్నవారి కింద జమకట్టరు. ఇక ఇది దేవుడా దేవతా, పేరుకు అర్థమేమిటి అని గుండ్లవంకలో ఒకరిని అడిగితే జవాబు దొరుకుతుంది, ఇద్దరిని అడిగితే తగువు దొరుకుతుంది. ఆ ఊళ్లో తావిరి అనే లారీ డ్రైవరు ఉన్నాడు, తావిరి అనే పళ్లూడిన అవ్వ ఉంది, బడికి పోయే తావిరులు ఆడా మగా కలిపి ప్రతి తరగతిలోనూ ఉన్నారు. పంతుళ్లకు కొత్తలో తలప్రాణం తోకకు వస్తుంది. తరవాత అలవాటు పడతారు.

పూర్వం ఇక్కడ కోనకు పేరే లేదు. 'అవతలి కోన' అనేవారు. మేకలు తప్ప ఎవరూ ఇష్టపడి వచ్చేవారు కాదు. ఆ రోజుల్లో సుంకమ్మ అనే ఆమె గుండ్లవంకలో మేకలు కాచే ఇంటికి కోడలిగా వచ్చింది. పెనిమిటి మారెన్న, అత్త ఎర్రక్క. సుంకమ్మ పనిలో గట్టిది, మాటలో నెమ్మది. ఆ నెమ్మది కొంత పుట్టుకతో వచ్చింది, కొంత కట్టుబాటు వల్ల వచ్చింది. ఆ కాలంలో కోడళ్లు పెనిమిటి పేరు నోట పలకకూడదు. అత్తమామల పేర్లు, బావల పేర్లు, పెదమామల పేర్లు కూడా అంతే. ఊళ్లో సగం మంది మారెన్నకు ఏదో ఒక వరసన పెద్దలే కాబట్టి, సుంకమ్మ తన నోటితో పేరు పెట్టి పిలవగలిగిన మనిషి ఆ ఊళ్లో దాదాపు లేనట్టే. మామ పేరు కొండన్న అయినందుకు ఆమె కొండను కూడా కొండ అనలేక 'ఆ ఎత్తు' అనేది. మేకలు ఆ ఎత్తెక్కినాయని చెబితే మారెన్నకు అర్థమయ్యేది.

సుంకమ్మకు రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి కడుపు పండినప్పుడు ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. పుట్టబోయే బిడ్డకు ముందే పేరు పెట్టుకుంది. మేకల వెంట నడుస్తుండగా ఒకనాడు 'తావిరి' అని నోటికి వచ్చింది. ఆమె దాన్ని ఎక్కడా విని ఉండలేదు. అది పెద్దల పేరు కాదు, దేవుళ్ల పేరు కాదు, ఆడపిల్లదో మగపిల్లాడిదో కూడా కాదు. అందుకే ఆమెకు నచ్చింది. నోరారా పిలుచుకోవడానికి తనకంటూ ఒక పేరు దొరికిందని ఆమె ప్రాణం సంబరపడింది. దిష్టి తగులుతుందని మారెన్నకు కూడా చెప్పలేదు. ఎవరూ లేనప్పుడు కడుపు మీద చెయ్యి వేసుకుని మెల్లగా పిలుచుకునేది.

వానలు పట్టిన కాలంలో ఒక మధ్యాహ్నం మేకలు కోనలోకి దిగిపోయాయి. వాటిని మళ్లించబోయిన సుంకమ్మకు అక్కడే నొప్పులు మొదలయ్యాయి. నెలలు ఇంకా నిండలేదు. వంక పొంగి వెనక్కి దారి లేదు. మారెన్న గుట్టకు అవతల ఎక్కడో ఉన్నాడు. పేరు పెట్టి కేక వేస్తే పలికేవాడే కానీ ఆ పేరు ఆమె నోటికి రాదు. ప్రాణం పోతున్నా రాదు, అంతగా అలవాటైపోయింది. అత్త పేరు రాదు, బావ పేరు రాదు. బండ కింద కూలబడి, ఎవరిని పిలవాలో తెలియక, తనకు పిలిచే హక్కున్న ఒకే ఒక్క పేరును గొంతు చించుకుని పిలిచింది.

"తావిరీ."

"ఓయ్, వస్తాండా" అని బదులు వచ్చింది.

గొంగడి ముసుగు వేసుకున్న మనిషి ఒకరు వానలో నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. తల నిమిరారు, నడుము పట్టారు, బిడ్డను చేతుల్లోకి అందుకున్నారు, బొడ్డు కోసి తల్లి ఒళ్లో పెట్టారు. వచ్చింది ఆడమనిషా మగమనిషా అని ఆ తరవాత సుంకమ్మను అడగనివారు లేరు. ఆమె అందరికీ ఒకటే చెప్పింది. "నేను నొప్పులు పడతాంటి. వచ్చినోళ్ల చేతులు వెచ్చగా ఉన్న్యాయి. నేను చూసుకునింది అంతే."

వంక తగ్గాక మేకలు తమంతట తామే ఇల్లు చేరడంతో మారెన్న గుండెలు బాదుకుంటూ వెతుక్కుంటూ వచ్చాడు. బండ కింద సుంకమ్మ ఉంది, ఒళ్లో ఆడపిల్ల ఉంది. పక్కన ఎప్పుడూ ఉండే నల్లరాయే ఉంది. మారెన్న ఎన్నోసార్లు దానికి ఆనుకుని బువ్వ తిన్నాడు. ఆనాడు దాని భుజాల మీద తడిసిన గొంగడి ఉంది. చెయ్యి పెట్టి చూస్తే రాయి వెచ్చగా ఉంది. మారెన్న అక్కడే సాగిలపడ్డాడు.

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ ఎల్లారెడ్డిగారి చావిట్లో మొదలైంది. ఆయన ఊరి పెద్ద. కోనలో సామి వెలసిందని సంతోషించి, పూజ మొదలుపెట్టే ముందు సామి ఎవరో తేల్చమని శేషంభట్టునూ, తిరుమలదాసు అనే దాసరినీ పిలిపించాడు.

భట్టుగారు కళ్లు మూసుకుని ఆలోచించి, కదలకుండా ఉండేది స్థావరమని, నోరు తిరగనివారి నాలుక మీద అది తావిరి అయిందని, కనుక సామి శివుడేనని తేల్చారు. దాసరి నవ్వి, తావి అంటే పరిమళమని, పరిమళం అమ్మవారి సొత్తని, కనుక వెలసింది లక్ష్మీదేవేనని వాదించాడు. అసలు ఆ పేరు విన్నప్పుడు తమ మేకపోతు ఒక్కటే తలెత్తి చూసిందని, మనుషుల పేరు కాదేమోనని ఎర్రక్క తన అనుమానం చెప్పింది. అంతా అయ్యాక ఎల్లారెడ్డి సుంకమ్మ వైపు తిరిగాడు.

"ఆ పేరు నీకు యాడిదమ్మా?"

"నా నోట్లోది రెడ్డా. నా బిడ్డకు అనుకున్య పేరు అది."

ఆ జవాబును ఎవరూ జవాబు కింద లెక్కించలేదు. పైగా కొత్త చిక్కు వచ్చిపడింది. సామి మగవాడైతే ఆడపిల్లకు ఆ పేరు ఎలా పెడతారని భట్టుగారు అన్నారు. అమ్మవారైతే అసలే పెట్టకూడదని దాసరి అన్నాడు. "పొద్దున లేస్తే బిడ్డను తిట్టకుండా ఉంటావా తల్లీ? అమ్మవారి పేరు పెట్టి తిడితే ఊరికి అరిష్టం గదా" అని బుజ్జగించాడు. సంగతి తేలేదాకా ఆ పేరు ఎవరూ పలకవద్దని, బిడ్డకు ఇంకో పేరు చూసుకోమని ఎల్లారెడ్డి తీర్పు చెప్పాడు.

సుంకమ్మ తల వంచుకుని ఇంటికి వచ్చింది. పేరు లేకుండా ఇద్దరు బిడ్డలు వెళ్లిపోయారు. పేరు పెట్టి పిలిస్తే ఈ బిడ్డ ఆగుతుందని ఆమె గట్టిగా నమ్మింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల పాలు సరిగా తాగడం లేదు, కళ్లు తెరవడం లేదు. ఎర్రక్క 'ఇదిగో' అని, మారెన్న 'పాపా' అని పిలుస్తున్నారు. సుంకమ్మ ఏమీ పిలవడం లేదు. ఇంకో పేరు ఆలోచించడానికి ప్రయత్నించింది గానీ ఏ పేరు చూసినా పరాయి బిడ్డను పిలిచినట్టు ఉంది. దిగులు ఆమెను తినేసింది.

ఇంతలో భట్టుగారికీ దాసరికీ కలలో సామి కనబడింది. ఇద్దరూ ఉదయాన్నే చావిడికి పరుగున వచ్చారు. తాను మీసాలు స్పష్టంగా చూశానని భట్టుగారు చెప్పారు. తాను ముక్కుపుడక స్పష్టంగా చూశానని దాసరి చెప్పాడు. సామి ఏమని సెలవిచ్చిందని ఎల్లారెడ్డి అడిగాడు. సామి చాలాసేపే మాట్లాడిందట. వీరు మీసాలూ ముక్కుపుడకా వెతికే హడావుడిలో ఒక్క ముక్క కూడా వినలేదు. చావిట్లోవారు ముక్కున వేలేసుకున్నారు.

ఇక సామినే అడుగుదామని ఊరంతా కోనకు కదిలింది. మలుపు దగ్గర నిలబడి భట్టుగారు శ్లోకం చదివి 'తావిరీశ్వరా' అని పిలిచారు. బదులు లేదు. దాసరి శంఖం ఊది 'తావిరీ దేవీ' అని పిలిచాడు. బదులు లేదు. అప్పుడు వెనక నుంచి సుంకమ్మ బిడ్డను ఎత్తుకుని ముందుకు వచ్చింది. పెద్దలను తోసుకుని రావడం ఆమె బతుకులో అదే మొదలు. ఆమె రాయి వైపు చూడలేదు. ఒళ్లో బిడ్డను చూసుకుంటూ, ఏడుపు ఆపుకోలేక, ఇంట్లో పిలవనివ్వని పేరును పిలిచింది.

"తావిరీ."

"ఓయ్, ఈడనే ఉండా" అన్న మాట అందరికీ వినబడింది.

సుంకమ్మ తలెత్తి, "సామీ, ఆ పొద్దు నేను నిన్ను పిలవలేదు. నా బిడ్డను పిలిచినా. నువ్వు పలికినావు, మమ్మల్ని బతికించినావు. ఇప్పుడు ఆ పేరు నీదంటాండారు. నీదైతే ఉంచుకో. నా బిడ్డకు ఇంకొకటి నువ్వే చెప్పు, నాకైతే నోటికి రాలేదు" అంది.

"నాకు పేరు యాడుండాదమ్మా? ఎన్నాళ్లుగానో ఈ కోనలో ఉండా. ఆనుకుని బువ్వ తిన్యారు గానీ ఒక్కరూ పిలవలేదు. మొదట పిలిచింది నువ్వే. పేరు నీ బిడ్డదే. అది ఒప్పుకుంటే నేనూ పెట్టుకుంటా."

సుంకమ్మ వంగి బిడ్డ చెవిలో సంగతి చెప్పి, పేరు పెట్టి పిలిచింది. పిల్ల కళ్లు విప్పి, చప్పరించుకుంటూ పాలకు వెతుక్కుంది. దాన్నే ఒప్పుకోలుగా తీసుకున్నారు. శేషంభట్టు కళ్లు తుడుచుకుని అక్కడికక్కడే నామకరణం జరిపించారు. రాయికీ బిడ్డకూ ఒకే అక్షింతలు వేశారు. బిడ్డ చెవిలో తాను బండి ర తోనే చెప్పానని ఆయన తరవాత చెప్పుకున్నారు. రాయి పలికిన గొంతు మగగొంతని ఆయనా, ఆడగొంతని దాసరీ చివరిదాకా వాదించుకుంటూనే ఉన్నారు. కానీ పూజకు మాత్రం ఇద్దరూ కలిసే వెళ్లేవారు. ఆ బిడ్డ నిక్షేపంగా పెరిగింది. సుంకమ్మ ఆ పేరు పెట్టి తిట్టని రోజు లేదని, ఊరికి ఏ అరిష్టమూ రాలేదని పెద్దలు చెబుతారు.

నేటికీ యాత్రికులు కోన మలుపు దగ్గర ఆగి కేక వేసి పిలుస్తారు. విన్నవారు పూజారి అయినా, కొబ్బరికాయలు అమ్మేవారైనా, ముక్కూ ముఖం తెలియని పరాయివారైనా 'ఓయ్, వస్తాండా' అని పలికి ఎదురెళ్లాలి. ఇక్కడ ఎవరి పేరు ఎవరైనా పిలవవచ్చు. పెళ్లయినప్పటి నుంచి పలకని పేరును ముసలమ్మలు ఇక్కడ గట్టిగా పిలుస్తుంటే, పక్కనే ఉన్న తాతలు సిగ్గుపడి పలకడం చూడముచ్చటగా ఉంటుంది. సంతానం కలిగినవారు ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా తావిరి అని పేరు పెట్టుకుని, తమకు తోచినట్టు రాసుకుంటారు.

కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లులు కూడా ఈ కోనకు వస్తారు. ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పేరును మలుపు దగ్గర నిలబడి ఒక్కసారి గట్టిగా పిలుస్తారు. అటువంటి పిలుపు మీ చెవిన పడితే అది ఏ భాష పేరో, ఆడపేరో మగపేరో ఆలోచించకండి. 'ఓయ్, వస్తాండా' అని పలకండి. ఎదురెళ్లి ఆ తల్లి చెయ్యి పట్టుకుని రాయి దాకా తీసుకురండి.