ఐదో మొద్దు

ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పడం కంబగిరి స్వామికి అలవాటు లేదు. పక్కనున్న సంచిలోంచి దోసెడు శెనక్కాయలు తీసి, అడిగినవాడి ముందు పోసి, "ఒలువప్పా" అనేవాడు. ఒలిచేలోపు సగంమంది అడిగింది మరిచిపోయేవాళ్లు. మిగిలినవాళ్లలో చాలామందికి జవాబు దానంతటదే తట్టేది. ఏ ఒకరిద్దరికో మాత్రం కాయలు అయిపోయేవి గానీ ప్రశ్న అలాగే ఉండేది. కోనంపల్లె వడ్రంగి వీరభద్రాచారి అలాంటివాడు.

ఆయన ముప్పై ఏళ్లుగా స్వామికి శిష్యుడు. అందులో చివరి ఆరేళ్లూ అడిగింది ఒకే ప్రశ్న. "లోకం చెడిపోయింది గదా స్వామీ?" నిజానికి అది ప్రశ్న కాదు, ఫిర్యాదు. పెద్దల మాటకు విలువ లేదు, పిల్లకాయల చేతిలోంచి ఫోను ఊడిరాదు, రథం మోకు పట్టమంటే మగపిల్లలు తప్పుకుంటారు, వద్దన్నా ఆడపిల్లలు పట్టుకుంటారు. చివరికి మాట వాళ్ల నాయన దగ్గరికి చేరేది. "మా నాయన కాలంలో ఒక్క కేకకు రథం కదిలేది స్వామీ. ఇప్పుడో..." అని నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు కోసమే అంతదూరం నడిచి వచ్చాడా అనిపించేది.

రథం ఊసు ఎందుకు వచ్చిందో చెప్పాలి. కోనంపల్లెలో గుట్ట మల్లయ్య రథం ఐదు నిలువుల ఎత్తు. దానికి బ్రేకు లేదు, తిప్పే చక్రమూ లేదు. ముందు జనం మోకులు పట్టి లాగుతుంటే, చక్రం పక్కన ఒక మనిషి చింతమొద్దు పట్టుకుని పరుగెత్తుతాడు. అదను చూసి దాన్ని చక్రం కింద వేస్తే రథం ఆగుతుంది, మలుపూ తిరుగుతుంది. రెప్పపాటు ఆలస్యమైతే చెయ్యి ఉండదు. తాతల నాటినుంచి ఆ పని వీరభద్రాచారి వంశానిదే. రథం నిలిచి ఉన్నప్పుడు నాలుగు చక్రాలకూ నాలుగు మొద్దులు అడ్డం ఉంటాయి. లాగే ముందు వాటిని తీసి, ఒక్కొక్కటీ పైకెత్తి చూపిస్తూ "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని కేకవేయాలి. నాలుగో కేక వినపడ్డాకే జనం బలం పెట్టాలి.

ఈ ఏడు ఉత్సవం నెల ఉందనగా సర్పంచు సుంకులమ్మ ఆయన గడప తొక్కింది.

"ఆచారి మామా, ఈ కాలం జనానికి చాతగాదని నువ్వే గదా ఊరంతా చెప్తాండావు. రేపు ఎవరి కాలన్నా చక్రం కింద పడితే నేను ఏం జవాబు చెప్పాల? పెద్దమనుషులంతా ఒక మాట అనుకున్యాము. ఈసారి పొద్దుగుంకేలోపు చేతుల్తో కదిలితే సరి. కదలకుంటే ట్రాక్టరు కడతాము. ఆ తర్వాత ఏటేటా ట్రాక్టరే."

ఆమె వెళ్లాక వీరభద్రాచారి అరుగుమీద కూర్చుని ఆలోచించాడు. ట్రాక్టరుకు బ్రేకులుంటాయి. బ్రేకులున్నచోట మొద్దులు వేసేవాడితో పనేముంది? తాత చేతినుంచి నాయన చేతికి, నాయన చేతినుంచి తన చేతికి వచ్చిన పని తనతోనే ఆగిపోతుంది. ఆరేళ్లుగా తాను ఊరంతా చాటిన మాటే వచ్చి తన మెడకు చుట్టుకుంది.

ఉత్సవంనాడు పొద్దున్నే స్వామి మఠానికి వెళ్లి మళ్లీ అదే అడిగాడు. స్వామి శెనక్కాయలు పోయలేదు. "సాయంత్రం రథం కాడికి వస్తా. ఆడ చెప్తాలే" అన్నాడు.

మధ్యాహ్నం నాలుగు గంటలకల్లా రథం వీధి నిండింది. ముందురోజు సాయంత్రం పడ్డ వానకు నేల ఇంకా మెత్తగానే ఉంది. వీరభద్రాచారి మోకుల వైపు చూసి పెదవి విరిచాడు. ఎడమ మోకుకు డిగ్రీ కాలేజీ అమ్మాయిలు, పొదుపు సంఘం ఆడవాళ్లు. కుడి మోకుకు ఆటోలవాళ్లు, వాళ్ల వెనక వంక మీద వంతెన కట్టడానికి ఒడిశా నుంచి వచ్చిన తాపీ పనివాళ్లు. వాళ్లకు తెలుగులో నాలుగు మాటలు వస్తే గొప్ప. వీళ్లా మల్లయ్యను కదిలించేది అనుకున్నాడు. అనుకుంటూనే ఒక్కో మొద్దూ తీసి పైకెత్తి చూపించాడు. "నాలుగు" అని కేకవేశాడు.

హరహర మహాదేవ అన్నారు. మోకులు బిగిశాయి. రథం కిర్రుమంది, పైన కలశం ఊగింది, చక్రం మాత్రం కదల్లేదు. మళ్లీ లాగారు. ఇంకోసారి లాగారు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఆటో మస్తాను కూతురు చాందిని అరచేతులు బొబ్బలెక్కితే, చున్నీని రెండు ముక్కలు చేసి చేతులకు చుట్టుకుని మళ్లీ మోకు పట్టింది. ఒడిశావాళ్లు చెప్పులు విప్పేసి మడమలు నేలలో దిగేసి లాగారు. ఇదంతా వీరభద్రాచారి కళ్లముందే జరిగింది. చూసే కళ్లుండాలి గదా. పొద్దు గుట్టమీదికి వాలింది. వీధి చివర ట్రాక్టరు స్టార్టు చేశారు.

టీ అంగడి బల్లమీద కూర్చున్న స్వామి దగ్గరికి ఆయన కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. కళ్లలో నీళ్లున్నాయి. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ నీళ్ల వెనక నేను చెప్పలేదా అనే తృప్తి కూడా ఇంత ఉంది.

"చూసినారు గదా స్వామీ. జవాబు మీరు చెప్పే పనే లేదు. మనుషుల్లో సత్తువ పోయింది, భక్తి పోయింది. మా నాయన కాలంలో అయితే..."

"మొద్దులు తీసినావా?" అన్నాడు స్వామి.

"అదేం మాట స్వామీ, నాలుగూ తీసినాను. లెక్కబెట్టి ఊరందరికీ చూపిస్తి గదా."

"తీసినవి చెప్తాండావు. పెట్టినవి ఎన్ని?"

వీరభద్రాచారి గిరుక్కున రథం వైపు తిరిగాడు. అప్పుడు గుర్తొచ్చింది.

ముందురోజు వాన వెలిసిన తర్వాత ఒక్కడే రథం దగ్గరికి వచ్చాడు. ఎదురుగా అంగడివీధికి దిగే ఏటవాలు చూశాడు. మోకు వదిలేసి ఫోటోలు తీసుకునే కుర్రాళ్లు గుర్తొచ్చారు. ఈ జనాన్ని నమ్ముకుంటే రథం అంగళ్లమీదికి పోవడం ఖాయమనుకుని, కుడివైపు వెనక చక్రానికి లోపలివైపు ఇంకో మొద్దు దిగ్గొట్టాడు. జారిన మట్టి దాన్ని కప్పేసింది. ఈరోజు అలవాటు ప్రకారం నాలుగు తీశాడు, నాలుగు లెక్కపెట్టాడు, లెక్క సరిపోయింది.

గుట్టుగా తీసేద్దామంటే కుదరదు. రెండు గంటల లాగుడుకు చక్రం దానిమీదికి ఎక్కి కూర్చుంది. జనమంతా కలిసి రథాన్ని జానెడు వెనక్కి తోస్తే తప్ప అది ఊడిరాదు. తోయమంటే ఎందుకో చెప్పాలి. ఊరుకుంటే ట్రాక్టరు గుంజేస్తుంది, ఎవరికీ తెలియదు, ఆయన ఆరేళ్ల మాట నిజమైపోతుంది. అదొక్కటే ఆయనను ఆ క్షణంలో భయపెట్టింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి పంచె ఎగదోపి పరుగు లంకించుకున్నాడు. వెళ్లి ట్రాక్టరుకు అడ్డంగా నిలబడ్డాడు.

"రథాన్ని వెనక్కి తోయండి. చక్రం కింద నా మొద్దు ఉండాది."

"నాలుగూ చూపిస్తివి గదా మామా?" అంది సుంకులమ్మ.

"ఐదోది తల్లీ. మీమీద నమ్మకం లేక పెట్టినాను."

తిట్లు పడతాయని ఆయన తల వంచుకున్నాడు. ముందుగా నవ్వింది చాందిని. "అంటే తాతా, ఇంతసేపూ మేం లాగింది రథాన్ని కాదా, నిన్నా?" అంది. ఆ నవ్వు మోకు పొడవునా పాకింది. ఒడిశావాళ్లకు ఎవరో సైగలతో చెబితే, వాళ్లు కాస్త ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వారు. రెండు గంటల అలుపు ఆ నవ్వులో సగం కొట్టుకుపోయింది.

అందరూ రథం ముందుకు చేరి భుజాలానించి తోశారు. వీరభద్రాచారి బురదలో పాక్కుంటూ లోపలికి దూరి సుత్తితో మూడు దెబ్బలు వేశాడు. తలనుంచి కాళ్లదాకా మట్టితో బయటికి వచ్చి, మొద్దు పైకెత్తి, తన వంశంలో ఎవరూ ఏనాడూ వేయని కేక వేశాడు. "ఐదు!"

ఇంక హరహర మహాదేవ అనేదాకా కూడా ఎవరూ ఆగలేదు. మోకులు ఒక్కసారిగా లేచాయి. చక్రాలు బురదను చీల్చుకుని కదిలాయి. రథం కదిలిందా అని అడగాల్సిన పని లేదు, కింద నేల అదిరింది. మిద్దెలమీద ముసలివాళ్లు లేచి నిలబడి చేతులు జోడించారు. చెట్లమీద పిట్టలు లేచిపోయాయి. ఏటవాలు వచ్చేసరికి ఆయన మొద్దు చంకన పెట్టుకుని చక్రం పక్కన పరుగెత్తాడు. కానీ ముందున్నవాళ్లు మోకులతో సహా రథం రెండు పక్కలకూ వెనక్కి పరుగెత్తి, వాటిని బిగబట్టి, మడమలమీద కూర్చుండిపోయారు. చెప్పినవాళ్లు ఎవరూ లేరు. రెండు గంటలు కలిసి లాగిన చేతులకు ఒకరి బలం ఒకరికి తెలిసిపోయింది. మలుపులో ఒక్క మొద్దు వేశాడు. ఒక్కటే. రథం అల్లుడు గుమ్మం ముందు ఆగినంత మర్యాదగా ఆగి, తిరిగి, అంగడివీధిలోకి నడిచింది. కలశం మీద ఇంకా ఎండ ఉంది. వెనకాల ట్రాక్టరు మజ్జిగ బిందెలు మోసుకుంటూ వచ్చింది.

వీరభద్రాచారి ఏడ్చాడు. నవ్వుతూనే ఏడ్చాడు. చాందిని మజ్జిగ గ్లాసు తెచ్చిస్తే, ఆ చున్నీ చుట్టిన చేతులను కళ్లకద్దుకున్నాడు.

రథం నిలిచాక, నాలుగు మొద్దులు అడ్డం వేసి, ఐదోదాన్ని తెచ్చి స్వామి కాళ్లదగ్గర పెట్టాడు.

"బుద్ధొచ్చింది స్వామీ. మా నాయన అయితే ఇట్లాంటి పని చేసేవాడు కాదు."

స్వామి సంచిలోంచి దోసెడు శెనక్కాయలు తీసి ఆయన ముందు పోశాడు.

"మీ నాయన కాలంలో ఆ మోకు పట్టినోణ్ని నేను. ఒగ ఏడు మధ్యాన్నం మోకు పట్టినాము, దీపాలు పెట్టినా కదల్లే. మా కాలం వాళ్లకు సత్తువ లేదని మీ నాయన అదనంగా రెండు పెట్టినాడు. నువ్వు ఒగటే పెట్టినావు." కాయ ఒకటి తానే చిదిపి గింజలు శిష్యుడి చేతిలో వేశాడు. "లోకం యాడికి పోతాందో ఇప్పుడు నువ్వే చెప్పప్పా."