రోకటిధార

కూర్మనాథం గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. శిష్యుడు గౌరునాయుడు ఆ ప్రశ్న అడిగిన ఉదయం కూడా ఆయన కండువా భుజాన వేసుకుని, మీ ఊరికి దారెటు అన్నారు.

గౌరునాయుడిది కొండల లోపలి పల్లె. ఏరు దాటి, అడ్డాకుల అడవి దాటి, జీలుగుచెట్ల లోయలోకి దిగి మళ్లీ ఎక్కితే గాని కనబడదు. పాఠశాలలో ఆ ఊరి పేరు చెబితే, అదెక్కడుందని అడగనివాడు లేడు. అటువంటి ఊరిమీద ఇన్నాళ్లకి కోటవారి చూపు పడింది. కొండకొమ్ము నుంచి దూకే రోకటిధార దగ్గర సత్రం కట్టిస్తామని, బండిబాట వేయిస్తామని దివాన్ గారు కబురు పెట్టారు. ధార పక్క బండలో ఒక లోతైన గుంట ఉంది. దొరవారి వంశకర్త వేటకి వచ్చినప్పుడు, రాణిగారి దాహం తీర్చడానికి కత్తితో కొట్టిన దెబ్బే అదని స్థలపురాణం రాయాలన్నారు. గౌరునాయుడు కోటవారి ధాన్యంతో చదువుకుంటున్నవాడు. మంచి శ్లోకాలే రాశాడు. రాశాక మనసు నిలవలేదు. పుట్టినచోటుకి పేరు వస్తుందంటే పాతకథ ఒకటి మార్చడం తప్పా అన్నదే అతని ప్రశ్న.

ఊళ్లో చెప్పుకునే కథ వేరు. కరువు కాలంలో కోటవారు తమ తోటలకోసం కొండమీద నీటికి కట్ట వేయించారట. నీలమ్మ అనే కోడలు, దంచడానికి ఇంట్లో గింజ లేక, ఖాళీగా ఉన్న రోకలి భుజాన పెట్టుకుని కొండెక్కిందట. కట్ట దగ్గర కాపలా ఉంటే పక్కనున్న బండని పొడిచింది. బండ పగిలి నీళ్లు దూకాయి; ఆ గుంట ఆమె రోకటిపోటేనంటారు. నీళ్లతోపాటు ఆమె కూడా దూకింది. ధార హోరులో ఇప్పటికీ దంపుడు చప్పుడు వినబడుతుందంటారు. చిన్నప్పుడు గౌరునాయుడూ విన్నాడు. చదువుకున్నాక వినడం మానేశాడు.

గురుశిష్యులు వెళ్లేసరికి దివాన్ గారు అప్పటికే వచ్చి ఉన్నారు. బండమీద కత్తిబొమ్మ చెక్కడానికి శిల్పి ఉలి పదును చూసుకుంటున్నాడు. నీటి తుంపర మంచులా లేచి అందరి మీదా పడుతోంది. ఊరివాళ్ల ఎదుట గౌరునాయుడు శ్లోకాలు చదివి, అర్థం కూడా చెప్పాడు. అతన్ని ఎత్తుకు పెంచిన మేనత్త పారమ్మ ముందుకొచ్చింది.

"రాణమ్మకి దప్పికేస్తే రాజుగారు కొట్టేరు. బాగుంది. మనకి దప్పికేసినప్పుడు కొట్టిందెవులురా, అయ్యా?"

దివాన్ గారికి కోపం వచ్చింది. ఒప్పుకోకపోతే సత్రమూ లేదు, బాటా లేదు, అడవిలో పశువుల మేతా ఉండదన్నారు. మేత మాట వినగానే మగవాళ్లు నేలచూపులు చూశారు. పారమ్మ చెంగు బిగించి, వెళ్లి ఆ గుంటమీదే కూర్చుంది. ఆమె వెనక ఇంకో ఆడమనిషి వెళ్లింది. తరవాత ఒక పచ్చిబాలింత, బిడ్డని తల్లికిచ్చి మరీ వెళ్లింది. చూస్తూండగానే బండ నిండిపోయింది. ఉలి పెట్టడానికి చోటు లేదు.

"పండితుడివి, వీళ్లకి నచ్చచెప్పు" అన్నారు దివాన్ గారు.

గౌరునాయుడు గురువుగారి వైపు చూశాడు. ఆయన ధార వైపు చూస్తున్నారు. ఎటూ ఆసరా లేదని తెలిశాక అతనికి భయం పోయింది.

"వీళ్లే నాకు నచ్చచెప్పారండి" అని, వెళ్లి మేనత్త పక్కన కూర్చున్నాడు. ఒళ్లో కాగితాలు తడిసి, సిరా కారి పంచె నల్లబడుతున్నా పక్కకి తియ్యలేదు. పారమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.

దివాన్ గారు పల్లకీ ఎక్కి వెళ్లిపోయారు. అన్నంతా చేశారు. సత్రం మరో ఊరికి పోయింది, గౌరునాయుడికి కోటనుంచి ధాన్యం ఆగిపోయింది. మేత ఆపమని వచ్చిన బంట్రోతులకి మాత్రం ఆ ఆడవాళ్లే పశువుల ముందు నడుస్తూ ఎదురొచ్చారు. కొన్నాళ్లకి బంట్రోతులు రావడం మానుకున్నారు.

దివాన్ గారు వెళ్లిపోయిన ఆ సాయంత్రమే గౌరునాయుడు గురువుగారితో కొండ దిగాడు. ఏరు దగ్గరికొచ్చాక, నీలమ్మ కథని శ్లోకాల్లో రాసి ముందుగా ఈ ఊరివాళ్లకే చదివి వినిపిస్తానని, గురువుగారు అనుమతించాలని అడిగాడు.

కూర్మనాథం గారు నీళ్లలో కాలు పెట్టి, లోతు చూసుకుని అన్నారు:

"వీళ్లకెందుకు నాయనా? రాసి, కోటలో చదువు."